తొమ్మిదో పెట్టెలో పడిన ప్లేటు

ఒక ఇనప ప్లేటు రెండో పెట్టెలో ఉండాల్సింది. నేను దాన్ని తొమ్మిదో పెట్టెలో పడేశాను. చేత్తో కాదు, కంప్యూటర్లో, మౌస్ పట్టుకుని, టీ తాగుతూ. ఆ పనికి ఒక పెద్దాయన చెయ్యి నలిగిపోయేది. ఇంట్లో ఆ సంగతి ఎప్పుడు వచ్చినా మా ఆయన "చివరికి ఏమీ కాలేదుగా, వదిలెయ్" అని తేల్చేస్తాడు. ఏమీ కాకపోవడంలో నా గొప్ప ఏమీ లేదు. అందుకే జరిగింది జరిగినట్టు రాసి పెట్టుకుంటున్నాను.

ముందు నా గుణం చెప్పాలి. ఎక్కడ ఏది చిందరవందరగా కనిపించినా నాకు ఒళ్లు మండుతుంది. ఐర్లండ్‌లో స్వోర్డ్స్ అనే ఊళ్లో మేం అద్దెకుంటున్న ఇంట్లో వంటింటి అల్మరాలను ఇక్కడివాళ్లలాగే మేమూ ప్రెస్సులనే అంటాం. ఆ ప్రెస్సులన్నీ రకాల వారీగా సర్ది ఉంటాయి. గింజలన్నీ ఒకచోట, పొడులన్నీ ఒకచోట. పొయ్యి మీద కూర అడుగంటుతుంటే మా ఆయన ఉప్పు కోసం తలుపులన్నీ తెరుస్తూ తిరుగుతాడు.

"ఉప్పు పొయ్యి పక్కన ఉండాలే! సోడా పక్కన పెడితే నాకెట్టా తెలుస్తది?"

"రెండూ తెల్ల పొడులే కదా" అంటాను నేను. గొడవ పడటానికి ఇంతకంటే పెద్ద విషయాలు ఉన్నా, మేం ఎక్కువసార్లు పోట్లాడుకున్నది ఉప్పు గురించే.

మెకానికల్ ఇంజనీరింగ్ చదివి, గుంటూరులో నాలుగేళ్లు యంత్రాల డ్రాయింగులు గీసి, పెళ్లయ్యాక ఐర్లండ్ వచ్చాను. ఇక్కడ ఏడేళ్లపాటు నా చదువుకు తగ్గ పని దొరకలేదు. పాపను పెంచుకుంటూ విమానాశ్రయం దగ్గర ఒక కాఫీ షాపులో చేశాను. అక్కడ ఏడాది చివర్లో కూర్చోబెట్టి పని గురించి మాట్లాడేటప్పుడు, పని బ్రహ్మాండం, మాట మాత్రం కాస్త సూటిగా ఉంటుందని చెప్పారు. ఈ దేశంలో మనిషిని "కాస్త సూటిగా" అన్నారంటే, మర్యాద తెలియదని అన్నట్టు. ఆ సంగతి నాకు మా పాపే విడమరిచి చెప్పింది. పదేళ్ల పిల్ల. తెలుగులో ఏం అడిగినా ఇంగ్లీషులోనే, అదీ ఇక్కడి యాసలో, జవాబిస్తుంది. "మామ్, యూ కాంట్ జస్ట్ సే ఇట్. సే సారీ ఫస్ట్" అని నాకు పాఠం పెట్టింది.

నేర్చుకున్నాను. పంతంగా నేర్చుకున్నాను. ముందు సారీ, తర్వాత మీకు తీరికైతే, తర్వాత కంగారేం లేదు, ఆ తర్వాత అసలు విషయం. డ్రోహెడా ఊరి అంచున ఉన్న ఒక చిన్న యంత్రాల కంపెనీలో డిజైనర్‌గా ఉద్యోగం వచ్చేసరికి ఆ వరస నాలుక మీద బాగా కుదురుకుంది. అక్కడ ఆరునెలల పరీక్షాకాలం. నేను చెప్పబోయే రోజుకి అందులో పదకొండు రోజులు మిగిలాయి. ఇది కూడా పోతే మళ్లీ కాఫీ షాపే అన్న భయం నాకు అన్నం తినేటప్పుడు కూడా ఉండేది.

ఆ కంపెనీ ఆసుపత్రుల లాండ్రీలకు లిఫ్టులు చేస్తుంది. మాసిన దుప్పట్లతో నిండిన ఇనప బండిని ఒక పలకలాంటి అర మీదికి నెడితే, ఆ అర రెండు స్తంభాల మధ్య గొలుసుల మీద పైకి వెళ్లి, బండిని ఒంచి దుప్పట్లను ఉతికే యంత్రంలో కుమ్మరిస్తుంది. ఆ అర బరువే మూడు వందల కిలోలకు పైన. అది దిగి వచ్చేటప్పుడు దాని కింద ఏమీ ఉండకూడదు.

కంప్యూటర్లో ఇలాంటి యంత్రాన్ని గీసేటప్పుడు ప్రతి ముక్కనూ విడిగా గీసి, ఒకదానికొకటి అతికిస్తాం. కొన్ని ముక్కల్ని ఒక గుంపుగా కడితే దాన్ని సబ్ అసెంబ్లీ అంటాం. గుంపులు ఉంటే ఫైలు త్వరగా తెరుచుకుంటుంది, ఎక్కడేముందో తెలుస్తుంది. నాకు ముందు పనిచేసి రిటైరైన డిజైనర్‌కి గుంపులంటే నమ్మకం లేదు. పదకొండు వందల ముక్కలూ తెరకు ఎడమవైపు ఒకే జాబితాలో, ఒకదాని కింద ఒకటి వేలాడుతుండేవి. పేర్లు కూడా "వంచిన ప్లేటు 4", "వంచిన ప్లేటు 17" అని. ఏ ప్లేటు దేనికో ఆయన తలలో ఉండేది, ఆ తల ఆయనతో పాటే ఇంటికి వెళ్లిపోయింది.

మేనేజరు నన్ను పిలిచి ఆ జాబితాను తొమ్మిది గుంపులు చెయ్యమన్నాడు. ఒక్కో గుంపు ముక్కల్ని స్టోర్స్‌వాళ్లు ఒక్కో పెట్టెలో సర్ది, అంకె వేసి కింద వర్క్‌షాపుకు పంపుతారు. ఫిట్టర్ ఆ అంకెల వరసలో పెట్టెలు తెరిచి యంత్రాన్ని నిలబెట్టాలి. అంతకు ముందు అన్నీ ఒకే కుప్పగా వచ్చేవి, ఫిట్టర్ తనకు కావాల్సింది తవ్వి తీసుకునేవాడు. ఇకనుంచి తవ్వకూడదు, పెట్టెలో ఉన్నదే బిగించాలని మేనేజరు రూలు పెట్టాడు. సర్దమని నాకు జీతం ఇస్తున్నారని తెలిసి ఇంటికెళ్లి మా ఆయన ముందు ఎగిరి గంతేశాను.

ఫిట్టర్ అరవైకి దగ్గరపడ్డ మనిషి. ఇరవై ఏడేళ్లుగా ఆ షెడ్డులోనే యంత్రాలు బిగిస్తున్నాడు. మెట్లెక్కి మా ఆఫీసులోకి రావడం ఆయనకు ఇష్టం ఉండదు. అలాంటిది ఒకరోజు వచ్చి నా బల్ల పక్కన నిలబడ్డాడు. గుంపులు కట్టేముందు ఒకసారి కిందికి వచ్చి, నేను ఒక యంత్రం బిగిస్తుంటే చూడు, రెండు రోజులు చాలు, తొందరేం లేదు అన్నాడు. తప్పకుండా వస్తానన్నాను. వెళ్లలేదు. కింద చలి, ఇనప ముక్కున్న బూట్లు వేసుకోవాలి, ఇవి నేను మా ఆయనకు చెప్పిన కారణాలు. అసలు కారణం వేరు. ఏడేళ్ల తర్వాత నా పని నాకు దొరికితే, నేర్పడానికి ఇంకొకడు తయారయ్యాడని మండింది. ఆయన మళ్లీ ఒకసారి టీ గదిలో అడిగాడు. అప్పుడూ నవ్వి తప్పించుకున్నాను.

గుంపులు కట్టడం మొదలుపెట్టాను. ఒకటోది పునాది, రెండోది స్తంభాలు, మూడోది గొలుసులు, అలా. చివరిది, తొమ్మిదోది, పైన కప్పే మూతలు. మూతలన్నీ వంచిన రేకులు. జాబితాలో వెతికే చోట "వంచిన ప్లేటు" అని కొట్టగానే ఇరవై మూడు పేర్లు వరసగా వచ్చి నిలబడ్డాయి. అన్నింటినీ ఒక్క గీతతో ఎంచుకుని తొమ్మిదో గుంపులోకి లాగేశాను. ఆ ఒక్క లాగుడుకి జాబితా సగం తగ్గినట్టు కనిపించి ప్రాణం లేచొచ్చింది.

వాటిలో ఇరవై రెండు మూతలు. ఒకటి మూత కాదు. అది వేలెడు మందం ఉన్న గట్టి ప్లేటు, స్తంభాల అడుగున అడ్డంగా నాలుగు బోల్టులతో బిగుస్తుంది. దిగి వచ్చే అర ఎక్కడైనా అదుపు తప్పితే దాని మీద ఆగుతుంది. నేలకూ అరకూ మధ్య జానెడు జాగా మిగిలేలా చూడటమే ఆ ప్లేటుకున్న ఒకే ఒక పని.

ముక్కల్ని గుంపు మార్చినప్పుడు వాటిని పక్క ముక్కలకు కట్టి ఉంచిన లంకెలు కొన్ని తెగుతాయి. తెగినవాటిని సాఫ్ట్‌వేర్ ఎర్రగా చూపిస్తుంది. ఆ రోజు పదీ పదిహేను ఎర్రగా వచ్చాయి. వాటిలో ఒకటి ఆ ప్లేటును స్తంభానికి కట్టిన లంకె. దాన్ని చదివితే తెలిసేది, మూతకు స్తంభం అడుగున ఏం పనీ అని. నేను చదవలేదు. ఎరుపు చూస్తే నాకు చిరాకు. అన్నింటినీ కొట్టేసి, ముక్కలు ఉన్నచోటే కదలకుండా ఉండేలా మేకు కొట్టినట్టు బిగించేశాను. ఎరుపంతా పోయింది. ఇంకో టీ తెచ్చుకున్నాను.

పెట్టెలు కిందికి వెళ్లాయి. మొదటి ఆరు పెట్టెల సామాను బిగించాక కరెంటు ఇచ్చి అరను పైకీ కిందికీ నడిపి చూడాలి. మిగిలిన మూడూ ఆ తర్వాత. అలా అని వరస పట్టిక రాసిచ్చింది కూడా నేనే. నడిపి చూసే రోజుకి ముందురోజు ఫిట్టర్ మేనేజరు ద్వారా ఒక ప్రశ్న పంపాడు. ఆరు పెట్టెలూ అయిపోయాయి, అడుగున ఇంకేమైనా రావాలా అని. నేను జాబితా తెరిచి ఆరు గుంపుల లెక్క చూశాను. ఒక్క ముక్క తగ్గలేదు. "లేదు, అన్నీ వచ్చేశాయి" అని జవాబు రాశాను. ఆయన అడిగింది యంత్రం గురించి, నేను చూసుకున్నది నా పట్టిక.

ఆ మర్నాడు పది గంటలకు కరెంటు ఇస్తారు. యంత్రం కొనుక్కున్న స్లైగో వైపు లాండ్రీ నుంచి ఇద్దరు చూడటానికి వస్తున్నారు. పాపను బడిలో దింపే వంతు నాది కాబట్టి, కాస్త ఆలస్యంగా వస్తానని ముందే చెప్పి, తొమ్మిదింటి బస్సు ఎక్కాను. బస్సులో ఆంటీ కనిపించింది. ఆంటీది బాపట్ల వైపు. డ్రోహెడా దాటాక ఉన్న ఒక వృద్ధుల నర్సింగ్ హోములో నర్సు. స్వోర్డ్స్‌లో మాకు రెండు వీధుల అవతల ఇల్లు. ఆదివారం చర్చి నుంచి వస్తూ మా గుమ్మంలో పచ్చడి సీసా పెట్టి పోయే మనిషి.

"ఏందమ్మా, ఇయ్యాల లేటు?" అంటూ పక్కన చోటిచ్చింది. నేను జవాబు చెప్పేలోపే తన గోడు మొదలుపెట్టింది. "మా దగ్గర కొత్తగా ఒక పిల్ల చేరింది. ఎమర్జెన్సీ బ్యాగు సర్దవే అంటే సర్దింది. ఎంత ముచ్చటగా సర్దిందనుకున్నావ్! ట్యూబులన్నీ ఒక అరలో, సూదులన్నీ ఒక అరలో, సైజుల వారీగా. ఫోటో తీసి గోడకి పెట్టుకోవచ్చు. ఏం లాభం? ఊపిరాడని మనిషికి ముందు కావాల్సిన మాస్కు అన్నిటికంటే అడుగున పెట్టింది. ఏది ఏ రకమో నాకెందుకే, ఏది ముందు కావాలో అది చూడు అన్నా. మొహం మాడ్చుకుంది."

నేను నవ్వాను. ఆ పిల్ల మీద జాలేసింది. పాపం, ఎంత ఓపిగ్గా సర్దుకుని ఉంటుందో అనుకున్నాను. అనుకుంటుండగానే ఇంకో సంగతి గుర్తొచ్చింది. పోయిన వారం స్టోర్స్‌వాళ్లు ఒక మాట అడిగారు. ప్రతి మూత మీదా అంటించే హెచ్చరిక స్టిక్కర్లు ఇరవై రెండే ఉన్నాయి, తొమ్మిదో పెట్టెలో ప్లేట్లు ఇరవై మూడున్నాయి, ఒకటి తగ్గిందా అని. ఇంకో స్టిక్కరు అచ్చు వేయించండి అని చెప్పేశాను.

స్టిక్కరు తగ్గలేదు. ప్లేటు ఎక్కువైంది. మూతలు ఇరవై రెండే అయితే, ఆ ఇరవై మూడోది స్తంభాల అడుగున ఉండాల్సిన అడ్డ ప్లేటు. ఫిట్టర్ అడుగున ఇంకేమైనా రావాలా అని అడిగింది దాని గురించే. కరెంటు ఇచ్చాక ఎలక్ట్రీషియన్ బటన్ నొక్కుతూ అరను కొంచెం కొంచెంగా దింపుతాడు. ఫిట్టర్ నేల మీద పడుకుని, అర కిందికి చెయ్యి పెట్టి, అర ఎక్కడ ఆగాలో చెప్పే సెన్సర్‌ను సరిచేస్తాడు. అడ్డ ప్లేటు ఉంది కాబట్టే అలా చెయ్యి పెట్టడానికి ఒప్పుకుంటారు. ఇప్పుడది లేదు.

టైము చూశాను. తొమ్మిదీ ఇరవై.

అప్పుడు నేనేం చేశానో చెప్పడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది. ఫోన్ తియ్యలేదు. బ్యాగులోంచి లాప్‌టాప్ తీశాను. నా అనుమానం తప్పయితే? లాండ్రీవాళ్ల ముందు పరీక్ష ఆపించి, తీరా చూస్తే ప్లేటు ఉన్నచోటే ఉందని తేలితే? ఇంకో పదకొండు రోజులు. ఒక్కసారి చూసుకుని, ఖాయం చేసుకుని, అప్పుడు చెప్దామనుకున్నాను. ఫైలు తెరవమన్నాను. పదకొండు వందల ముక్కలు, బస్సులో ఫోన్ ఇంటర్నెట్టు. తెర మీద నీలం గీత చీమలా కదలడం మొదలుపెట్టింది.

"ఏమైంది తల్లీ? మొహం అట్టా అయిపోయిందే?" అంది ఆంటీ.

చెప్పాను. రెండు ముక్కల్లో అర్థం చేసుకుంది.

"ముందు ఫోన్ చెయ్యి. అది తర్వాత చూసుకుందువు."

"ఒక్క నిమిషం ఆంటీ. ఖాయం చేసుకుని చేస్తా. తప్పయితే పరువు పోతుంది."

"పరువేందమ్మా! అక్కడ మనిషున్నాడంటున్నావుగా!"

నీలం గీత సగం దాకా వచ్చి ఆగింది. నేను దాన్నే చూస్తూ కూర్చున్నాను. బాల్‌బ్రిగన్‌లో జనం ఎక్కారు, దిగారు. ఆంటీ నా మోచేతిని పొడుస్తూనే ఉంది. చివరికి యంత్రం తెర మీదికి వచ్చింది. తొమ్మిదో గుంపును మాత్రం ఉంచి మిగతావన్నీ మాయం చేశాను. ఇరవై రెండు మూతలు గాలిలో డబ్బా ఆకారంలో నిలబడ్డాయి. వాటి కింద, చాలా కింద, ఒక్క ప్లేటు ఒంటరిగా అడ్డంగా ఉంది. తొమ్మిదీ ముప్పై అయిదు.

ఫిట్టర్ ఫోను పనిచేసేటప్పుడు లాకరులో ఉంటుంది, అది రూలు. మేనేజరు ఫోను మోగి మోగి ఆగిపోయింది. ముందు గదిలో కూర్చునే రిసెప్షన్ అమ్మాయికి చేశాను. ఆ అమ్మాయి గొంతు వినగానే నా నాలుక దానంతట అదే వరస పట్టుకుంది. సారీ, పొద్దున్నే ఇబ్బంది పెడుతున్నాను. మీరెలా ఉన్నారు? కంగారేం లేదు గానీ, కింద ఎవరికైనా తీరికైతే, పరీక్ష మొదలుపెట్టేముందు నాకొకసారి ఫోన్ చెయ్యమంటారా, ఒక ప్లేటు గురించి చిన్న సంగతి. ఇక్కడివాళ్లు సరేకి బదులు అనే 'గ్రాండ్' అని, చెప్తాను, మీరేం దిగులు పడకండి అంది. థాంక్స్ మూడుసార్లు చెప్పి పెట్టేశాను.

ఆంటీ నా వైపు తిరిగి కూర్చుంది.

"అదేం చెప్పడమమ్మా? పేరంటానికి పిలిచినట్టు చెప్పావు!"

వెంటనే మళ్లీ చేశాను. ఈసారి ఎవరూ ఎత్తలేదు. తర్వాత తెలిసింది, ఆ అమ్మాయి మంచి మనసుతో స్వయంగా కిందికి వెళ్లి, మేనేజరు లాండ్రీవాళ్లతో మాట్లాడుతుంటే అడ్డుపడటం ఎందుకని, నేను ఫోన్ చేశానని, తొందరేం లేదని ఒక చీటీ మీద రాసి ఆయన చేతికిచ్చింది. ఆయన చదివి జేబులో పెట్టుకున్నాడు. ఎవరినీ అనడానికి లేదు. నేను చెప్పిందే రాసింది, రాసిందే ఆయన నమ్మాడు.

జూలియన్స్‌టౌన్ దగ్గర రోడ్డు తవ్వి, ఒక పక్కే బళ్లు వదులుతున్నారు. బస్సు ఆగింది. ఎదుటివైపు కార్లు ఒక్కొక్కటే నింపాదిగా వస్తున్నాయి. మేనేజరుకు పదకొండుసార్లు, రిసెప్షన్‌కి అన్నిసార్లూ చేశాను. వచ్చినవాళ్ల హడావిడిలో ఎవరూ ఎత్తలేదు. ఆంటీ నా చెయ్యి పట్టుకుని పెదాలు కదుపుతూ ప్రార్థన చేసుకుంటోంది. నాకు ఏ దేవుణ్ణి పిలవాలో కూడా తోచలేదు. నేల మీద పడుకున్న ఆ మనిషి, ఆయన నల్లబడిన గోళ్లు, తొందరేం లేదని నాతో అన్న గొంతు, ఇవే బుర్రలో తిరిగాయి. డ్రైవరు దగ్గరికి వెళ్లి దింపేయమన్నాను, నడి రోడ్డు మీద తలుపు తియ్యడు. కూర్చోమన్నాడు, కూర్చోలేదు.

పదికి రెండు నిమిషాలున్నప్పుడు మా స్టాపులో దిగాను. "పరిగెత్తు!" అని ఆంటీ వెనక నుంచి అరిచింది. లాప్‌టాప్ తన ఒళ్లోనే వదిలేశాను. అక్కణ్ణుంచి షెడ్డుకి మామూలుగా పది నిమిషాల నడక. వాన పడి రోడ్డు జారుతోంది. ఒకసారి పడ్డాను, మోకాలు చీరుకుపోయింది, లేచి మళ్లీ పరిగెత్తాను.

బూట్లు లేకుండా షెడ్డులోకి రాకూడదు. వెళ్లాను. పసుపు గీత వెనక లాండ్రీ నుంచి వచ్చిన ఇద్దరు ఆడవాళ్లూ, మేనేజరూ నిలబడి ఉన్నారు. యంత్రం మధ్యలో అర తల ఎత్తున వేలాడుతోంది. ఎలక్ట్రీషియన్ చేతిలో బటన్ల పెట్టె. ఫిట్టర్ నేల మీద పక్కకు తిరిగి పడుకుని ఉన్నాడు. ఆయన కుడిచెయ్యి భుజం దాకా అర కింద ఉంది. ఆయన ముఖం నాకు కనిపించలేదు. "కొంచెం కిందికి" అన్నాడు ఎలక్ట్రీషియన్‌తో.

"ఆపండి! ఆపండ్రా! చెయ్యి తీయండి!"

తెలుగులో అరిచానని నాకు తర్వాత వాళ్లు చెబితే తెలిసింది. సారీ లేదు, తీరిక లేదు, ఏమీ లేదు. మా ఊళ్లో ఎద్దు బెదిరి రోడ్డు మీదికి వస్తే అరిచే అరుపు అది. ఒక్కరికి కూడా ఒక్క మాట అర్థం కాలేదు, అందరూ ఆగిపోయారు. ఎలక్ట్రీషియన్ వేలు బటన్ మీద నుంచి లేచింది. ఫిట్టర్ కదలకుండా ఒక క్షణం ఉండి, మెల్లగా చెయ్యి వెనక్కి లాక్కుని, నేల మీద లేచి కూర్చున్నాడు. నేను గొలుసు స్తంభం పట్టుకుని, ఊపిరి అందక, అడ్డ ప్లేటు లేదు, తొమ్మిదో పెట్టెలో ఉంది, నేనే పెట్టాను అని ఇంగ్లీషులో చెప్పాను.

తొమ్మిదో పెట్టె విప్పారు. మూతలు ఒక్కొక్కటే తీస్తుంటే అందరం చూస్తూ నిలబడ్డాం. బరువైనది అడుగున పెట్టాలి కదా, స్టోర్స్‌వాళ్లు దాన్ని అన్నిటికంటే కింద పెట్టారు. ఫిట్టరే దాన్ని మోసుకెళ్లి నాలుగు బోల్టులు బిగించాడు. ఎవరూ కింద చెయ్యి పెట్టకుండా ఒకసారి నడిపి చూద్దామన్నాడు మేనేజరు. ఎలక్ట్రీషియన్ బటన్ నొక్కాడు. అర దిగింది. సెన్సర్ దగ్గర ఆగాల్సింది, దాన్ని ఇంకా సరిచెయ్యలేదు కాబట్టి ఆగలేదు. దిగుతూనే వచ్చి ఆ ప్లేటు మీద దబ్బుమని పడింది. షెడ్డు రేకులు అదిరాయి. లాండ్రీ ఆవిడల్లో ఒకావిడ, అది అలాగే పడాలా అని అడిగింది.

దాని పనే అది, అన్నాడు ఫిట్టర్. ఆయన గొంతు మామూలుగానే ఉంది. ముఖం మాత్రం సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంది. అరకూ నేలకూ మధ్య జానెడు జాగా. ప్లేటు లేకపోతే అక్కడ కాగితం పట్టేంత చోటు కూడా ఉండేది కాదు.

నేను బయటికి వెళ్లి, ఆయనకు ఏమీ కాలేదని ఆంటీకి ఫోన్ చేశాను.

మధ్యాహ్నం టీ గదిలో మేనేజరు ప్రమాదం తప్పినప్పుడు నింపే ఫారం ముందు పెట్టుకుని కూర్చున్నాడు. బల్లకు ఇటు నేను, అటు ఫిట్టర్. మేనేజరు చెడ్డవాడు కాదు. కారణం అన్నచోట, సాఫ్ట్‌వేర్ మార్పులో వచ్చిన పొరపాటు అని రాద్దామా అన్నాడు. వద్దు, నా పేరు రాయండి అన్నాను. రాశాడు. తర్వాత గడి, అపాయం ఉన్నట్టు ఎప్పుడు తెలిసింది అని. రిసెప్షన్‌కి ఫోన్ వచ్చిన టైము ఆయన దగ్గర ఉంది. తొమ్మిదీ ముప్పై అయిదు అనుకుంటూ రాయబోయాడు.

ఆ గడిలో ఆ అంకె పడితే నేను గండం కనిపెట్టగానే ఫోన్ చేసిన మనిషినవుతాను. మోకాలు చీరుకుని పరిగెత్తి వచ్చి ప్రాణం కాపాడిన మనిషినవుతాను. అప్పటికే ఎలక్ట్రీషియన్ నాకు రెండుసార్లు థాంక్స్ చెప్పాడు. నోరు మూసుకుని కూర్చుంటే చాలు. నిజం చెప్పాలంటే, కొన్ని క్షణాలు అలాగే కూర్చున్నాను.

"తొమ్మిదీ ఇరవై" అన్నాను.

మేనేజరు పెన్ను ఆగింది. ఫిట్టర్ తలెత్తాడు. పొద్దుటి నుంచీ ఆయన నాతో మాట్లాడలేదు. నా వైపు చూడటం కూడా అదే మొదటిసారి.

మధ్యలో పదిహేను నిమిషాలున్నాయి, ఏం చేస్తున్నావు అని అడిగాడు. గొంతు పెంచలేదు.

"ఫైలు తెరుచుకునేదాకా ఆగాను. నాది నిజంగా తప్పేనా కాదా అని చూసుకోవడానికి."

కెటిల్ మరిగి దానంతట అదే ఆగిపోయింది. నిన్ను కిందికి రమ్మని రెండుసార్లు అడిగాను, అన్నాడు. అవునన్నాను. అడుగున ఇంకేమైనా రావాలా అని నిన్న కూడా అడిగాను, నువ్వు లేదన్నావు కాబట్టి, కొత్త డ్రాయింగులో ఆ ప్లేటు బదులు వేరే ఏర్పాటు ఉందనుకుని పడుకున్నాను, అన్నాడు. ఏడుపు వచ్చింది. ఆయన ముందు ఏడిస్తే అది కూడా నన్ను క్షమించమని అడిగినట్టే ఉంటుందని, పళ్లు బిగపట్టుకుని కూర్చున్నాను.

మేనేజరు తొమ్మిదీ ఇరవై అని రాసి, నా చేత సంతకం పెట్టించి, ఫారాన్ని అటు తిప్పాడు. ప్రమాదానికి దగ్గరగా ఉన్న మనిషి అన్న గడి నా పేరు కిందే ఉంది. ఫిట్టర్ మొదటి గీత నుంచి చివరి గీత దాకా వేలు పెట్టి చదివాడు. పెన్ను అడిగి తీసుకున్నాడు. కుడిచేత్తో, తొందర లేకుండా, తన పేరులో ఒక్క అక్షరం కూడా వదలకుండా రాశాడు.